కాలువ వెడల్పును ఎవరు నిర్ణయిస్తారు?



మీ వీధి పక్కనున్న వాననీటి కాలువను ఎప్పుడైనా పరిశీలనగా చూశారా? అది ఎంత వెడల్పు, ఎంత లోతు ఉండాలో ఎవరు, దేని ఆధారంగా నిర్ణయించి ఉంటారు? వరద వస్తే మనం ఆకాశాన్ని నిందిస్తాం. కాని వీధిలో నీరు నిలిచిపోతుందా, సాగిపోతుందా అన్నది చాలావరకు ఎన్నో ఏళ్ల క్రితం నగరపాలక సంస్థ వేసుకున్న ఒక లెక్కను బట్టి ఉంటుంది. ముంబయి నగరం ఉదాహరణగా ఆ లెక్కను తెలుసుకుందాం.

ఒకే నగరం, రెండు వానలు

2005 జూలై 26న ముంబయి ఉత్తర భాగంలోని శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. అదే సమయంలో దక్షిణ కొసనున్న కొలాబాలో కురిసింది సుమారు 73 మిల్లీమీటర్లే. నగరంలో 400 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. రైళ్లు ఆగిపోయాయి. వేలాది మంది రాత్రంతా నీళ్లలో నడిచి ఇళ్లకు చేరారు.

లెక్క ఎలా వేస్తారు?

కాలువ నిర్మాణానికి ముందు ఇంజనీర్లు మూడు సంగతులు చూస్తారు. ఒకటి, గంటకు ఎంత వాన కురుస్తుంది? రెండు, ఎంత విస్తీర్ణం నుంచి నీరు వస్తుంది? మూడు, ఆ నీటిలో ఎంత భాగం భూమిలోకి ఇంకకుండా పారుతుంది? ఈ మూడవదాన్ని ప్రవాహ గుణకం అంటారు. మట్టి నేల కొంత నీటిని తాగుతుంది. సిమెంటు నేల దాదాపు ఏమీ తాగదు.

ముంబయి పాత కాలువలను గంటకు 25 మిల్లీమీటర్ల వానకు, సగం నీరు ఇంకుతుందన్న అంచనాతో కట్టారు. ఒక హెక్టారు, అంటే 10,000 చదరపు మీటర్ల నేల తీసుకోండి. గంటకు 25 మిల్లీమీటర్ల వాన అంటే దానిపై 2.5 లక్షల లీటర్ల నీరు. అందులో సగం, అంటే 1.25 లక్షల లీటర్లు కాలువకు చేరతాయి. ఇప్పుడు అదే నేలంతా భవనాలు, రోడ్లతో నిండిందనుకోండి. వాన గంటకు 50 మిల్లీమీటర్లు కురిస్తే 5 లక్షల లీటర్లూ కాలువకే వస్తాయి. కాలువ మారలేదు, నీరు నాలుగు రెట్లయింది!

దీనికి సముద్రం తోడైంది. ముంబయిలో వాననీరు సముద్రంలో కలిసే మార్గాల్లో అధికభాగం పోటు మట్టం కన్నా దిగువన ఉన్నాయి. పోటు సమయంలో నీరు బయటకు పోదు. విహార్, పొవై చెరువుల పొంగునీటిని మోసే మిఠీ నది గట్లు కూడా ఆక్రమణలతో, పూడ్చివేతలతో కుంచించుకుపోయాయి.

ఆలస్యానికి వెల

ఈ ప్రమాదం ముందే తెలియదా? తెలుసు. బ్రిమ్‌స్టోవాడ్ అనే నివేదిక 1993లోనే గంటకు 50 మిల్లీమీటర్ల వానకు సరిపడేలా కాలువలు విస్తరించాలని, పంపింగ్ కేంద్రాలు కట్టాలని సూచించింది. నాటి అంచనా వ్యయం సుమారు 616 కోట్ల రూపాయలు. 2005 నాటికి కూడా అందులో అధికభాగం అమలు కాలేదు. వరద తరువాత, 2007లో కేంద్రం ఈ పనులకు సుమారు 1,200 కోట్ల సాయం మంజూరు చేసింది. ఆపైన హాజీ అలీ, ఇర్లా వంటి చోట్ల పంపింగ్ కేంద్రాలు వచ్చాయి.

ఒక మాట గుర్తుంచుకోండి. ఆనాటి వానలో ఎక్కువ భాగం కొద్ది గంటల్లోనే పడింది. విస్తరించిన కాలువలు కూడా దాన్ని పూర్తిగా మోయలేకపోయేవి. అందుకే కాలువలతో పాటు చెరువులు, మడ అడవులు, నదీ తీరాలు కూడా కావాలి. అవి నీటికి మనం వదిలిపెట్టే చోటు.

బాధ్యత ఎవరిది?

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలును చేర్చింది. పట్టణ ప్రణాళిక, భూవినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ, పారిశుద్ధ్యం వంటి 18 అంశాలు అందులో ఉన్నాయి. రాష్ట్రాలు చట్టం ద్వారా వీటిని పురపాలక సంస్థలకు అప్పగించవచ్చు. భవనానికి అనుమతి ఇవ్వడం, కాలువ తవ్వడం వేరు వేరు పనులుగా కనిపిస్తాయి. కాని ప్రతి కొత్త అనుమతీ ప్రవాహ గుణకాన్ని కొంత పెంచుతుంది. మొదటి పని చేసేటప్పుడు రెండవదాని లెక్క చూడకపోతే, ఆ భారం పల్లపు ప్రాంతాల ఇళ్లపై పడుతుంది. 2000 ఆగస్టులో హైదరాబాదులో ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు నాలాల పక్కన నివసించేవారికి ఇది అనుభవమైంది.

మీరు చేయవలసిన పని

ఈసారి వాన వెలిశాక మీ వీధి నీరు ఎటు పోతుందో వెంబడించి పటం గీయండి. తరువాత మీ పురపాలక కార్యాలయంలో మూడు ప్రశ్నలు అడగండి. మా కాలువను గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వానకు కట్టారు? ఆ లెక్క ఏ సంవత్సరానిది? కాలువ చివర నీరు చేరే చోటు ఇంకా ఖాళీగా ఉందా? 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం ఈ వివరాలు అడిగే హక్కు పౌరులందరికీ ఉంది. అడిగేవారు ఉంటేనే పాత లెక్కలు మారతాయి.