‘నువ్వు’ అన్నారని నొచ్చుకున్నారా?

కోస్తా జిల్లాల నుంచి చిత్తూరు వైపు కోడలిగా వచ్చిన పిల్లకి మొదటి నెలలోనే కళ్ళనీళ్ళు తిరుగుతాయి. పాలు పోసే అబ్బాయి గుమ్మంలో నిలబడి “ఎన్ని పోయమంటావుకా?” అంటాడు. ఆడపడుచు కొడుకు తాతని పట్టుకుని “నువ్వు తినేసినావా తాతా?” అంటాడు. ‘అండి’ అన్న మాటే చెవిన పడదు. వీళ్ళకి మర్యాద తెలీదు కాబోలు అనుకుంటుంది పాపం!

మా పక్క మర్యాదంతా పిలుపులో ఉంటుందండీ. చివర్న ‘నా’ అంటే అన్నా అని, ‘కా’ అంటే అక్కా అని. ముక్కూమొహం తెలీని వాళ్ళనైనా వరస పెట్టి పిలిచాకే మాట మొదలు. పెద్దావిడ “రా మే, కూచో” అంటే అది కసురు కాదు, ముద్దు. వరస కలపకుండా ఉత్త ‘మీరు’ అంటే మాత్రం, ‘ఈ పిల్ల మనల్ని దూరం పెడుతోంది’ అనుకునే అత్తగార్లున్నారు. మా వీధిలో ఒకింట్లో ఇదే జరిగింది. కోడలు ‘మీరు, మీరు’ అంటున్నకొద్దీ ఆమె ముడుచుకుపోయింది. ఈమె పుట్టింటికి, ఆమె కూతురింటికి ఫోన్లు. ఏడాది అట్లానే గడిచింది. ఇద్దరిలో ఒక్కరికీ చెడ్డ మనసు లేదు!

ఇది మన ఒక్కరి గొడవే అనుకోకండి. ఆఫ్రికాలో నైజీరియా దేశంలో 500 దాకా భాషలున్నాయి. వాళ్ళలో యొరుబా వాళ్ళకి పెద్దవాళ్ళతో మాట్లాడేందుకు మన ‘మీరు’ లాంటి మాట వేరే ఉంది. ఆడపిల్లలు పెద్దల ముందు మోకాళ్ళ మీద వంగుతారు, మగపిల్లలు మన సాష్టాంగం లాగే నేల మీద పడుకుని దణ్ణం పెడతారు. ఎడం చేత్తో ఏదైనా ఇస్తే తప్పు. తల్లిని బిడ్డ పేరుతో ‘ఫలానా వాళ్ళమ్మ’ అని పిలుస్తారు. నాకు బాగా నచ్చింది ఒకటుంది. పని చేసుకుంటున్న వాళ్ళ పక్కనుంచి పోయేటప్పుడు ఊరికే పోరు, ‘ఎ కు ఇషే’ అని పలకరిస్తారు. మీ పనికి నమస్కారం అన్నట్టు. గిన్నెలు తోముతున్నప్పుడు మనల్ని అట్లా ఎవరైనా పలకరిస్తే ఎంత బాగుంటుందో!

మాట విషయంలో మనదీ తక్కువ జాగ్రత్త కాదు. డబ్బాలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం. దీపం ‘కొండెక్కింది’ అంటాం. అంత జాగ్రత్తపడే తిరుపతిలోనే, తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చిందంటే వేషగాళ్ళు వీధుల్లో బూతులు తిడతారు. అది అమ్మవారి మొక్కు, ఎవరూ తప్పుపట్టరు. ఊరికి కొత్తయితే కోడలికి ముందే చెప్పి ఉంచండి, లేకుంటే హడలిపోతుంది!

కొత్త కోడలు అడుగుపెట్టిన వారంలోనే వరసలు కూడా చెప్పేయండి. ఎవరు అన్న, ఎవరు చిన్నాయన, ఎవర్ని ‘అవ్వా’ అనాలి. కోస్తా పిల్లకి ‘అవ్వ’ అంటే ముసలిదానా అన్నట్టు వినబడి నోరు రాదు. గడప దాటేటప్పుడు ‘పోతున్నా’ అనకుండా ‘పోయొస్తా’ అనాలనీ, బయలుదేరిన మనిషిని ‘యాడికి?’ అనకుండా ‘దూరమా?’ అని అడగాలనీ చెప్పండి. అట్లాగే వాళ్ళ ఊళ్ళో ఏ మాట తప్పో మీరూ అడిగి తెలుసుకోండి.