బస్తా నీళ్లలో పడితే ఎవరిది?

కాకినాడ యాంకరేజ్ రేవుకి వచ్చిన ఓడ కాకినాడ దాకా రాదు. ఒడ్డుకి కొన్ని మైళ్ల అవతలే లంగరు దించి నిలబడిపోతుంది. సరకే దాని దగ్గరికి వెళ్లాలి. జగన్నాథపురం వంతెన మీంచి చూస్తే కింద ఉప్పుటేరులో బార్జీలు ఒకదాన్నొకటి ఒరుసుకుని కనిపిస్తాయి. గట్టు మీద లారీ తలుపు పడగానే ముఠా కూలీలు తలగుడ్డ సవరించుకుని బస్తా కింద భుజం పెడతారు. బార్జీ నిండాక టగ్గు దాన్ని సముద్రంలోకి లాక్కుపోతుంది.

ఇంత తిప్పలూ గోదావరి వల్లే. ఏటేటా తెచ్చి పోసే మట్టితో ఇక్కడి అఖాతం మేట వేసింది. పెద్ద ఓడ లోపలికొస్తే అడుగు తగులుతుంది. అదే మట్టి, ఇసుక దిబ్బగా ఉత్తరానికి సాగి హోప్ ఐలాండ్ అయింది. సుమారు 16 కిలోమీటర్ల ఆ దిబ్బ అలల దెబ్బ కాస్తుంది కాబట్టే ఓడ పక్కన బార్జీని కట్టి బస్తాలు ఎత్తగలుగుతున్నారు. 1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చాక ఓడలు గట్టుని ఆనుకునే సదుపాయమూ ఏర్పడింది. అయినా పడమటి ఆఫ్రికాకి పోయే ఉప్పుడు బియ్యానికి ఈ పాత పద్ధతి ఇంకా పనికొస్తూనే ఉంది.

నేను వెళ్లిన పని వేరు. కిందటేడు విదేశం నుంచి మా ఇంటికొచ్చిన సామాన్ల బిల్లులో డెమరేజీ అని ఒక పద్దు, డిటెన్షన్ అని ఇంకో పద్దు వేశారు. రెండూ ఒకటి కాదా అని అడిగితే ఏజెంటు నవ్వి ఊరుకున్నాడు. డబ్బు కట్టాను గానీ ఆ నవ్వు మాత్రం గుచ్చుకుంది. ఈ మాటలు కాగితం మీద కాకుండా కళ్లకి కనబడే చోటు ఏదని వాకబు చేస్తే, ముప్పై ఏళ్లు బస్తాలు లెక్కపెట్టి రిటైరైన ఒక టాలీ గుమాస్తా దొరికారు. పాసులు తీసుకుని ఇద్దరం ఏజెంటు లాంచీ ఎక్కాం.

“ముందు ఫ్రైట్ అంటే సరకు అనుకోవడం మానెయ్యండి మాస్టారూ,” అన్నారాయన. “సరకు కార్గో. ఫ్రైట్ అంటే కిరాయి.” నిజానికి సగం మాటలు మన లారీ ఆఫీసులోనే ఉన్నాయి. అక్కడ ‘పెయిడ్’, ‘టు పే’ అని రాసేదే ఇక్కడ ఫ్రైట్ ప్రీపెయిడ్, ఫ్రైట్ కలెక్ట్. లారీ రసీదుకి అన్నగారు బిల్ ఆఫ్ లేడింగ్.

ఓడ పక్కకి చేరేసరికి మూడు బార్జీలు కట్టి ఉన్నాయి. కిందనుంచి చూస్తే ఓడ పక్క గోడ నాలుగంతస్తుల ఇల్లంత ఉంది. బార్జీలో కూలీలు తాళ్లు పరిచి, వాటి మీద బస్తాలు పేర్చి, కొసలు పైకి లాగి కొక్కేనికి తగిలించారు. ఆ మూటే స్లింగు. పైనుంచి క్రేను లాగింది. తాడు కిర్రుమంది. మూట గాల్లో ఒక చుట్టు తిరిగింది, బియ్యపు పొడి మా మీద రాలింది. సరిగ్గా ఓడ రెయిలింగు మీదికి వచ్చేసరికి ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు.

“ఇప్పుడు తాడు తెగితే బస్తాలు ఎవరివి?”

ఎఫ్ఓబీ (ఫ్రీ ఆన్ బోర్డ్) అనే మూడక్షరాలు పుట్టింది ఆ ప్రశ్నకి జవాబుగానే. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లో ఇన్‌కోటెర్మ్స్ పేరుతో అచ్చువేసిన నియమాలే ఇప్పటికీ దిద్దుబాట్లతో నడుస్తున్నాయి. చాలాకాలం గీత ఎక్కడంటే ఓడ రెయిలింగు దగ్గర. మూట దానికి ఇవతల ఉంటే నష్టం అమ్మినవాడిది, అవతలకి దాటితే కొన్నవాడిది. గాల్లో ఊగే మూటకి గీత గీయడం ఎంత అందమైన ఆలోచనో అంత చిరాకు. అటో ఇటో ఊగుతూ పడితే? అందుకే 2010 కూర్పులో రెయిలింగు తీసేశారు. సరకు ఓడ మీద దిగితేనే బాధ్యత మారుతుంది. 2020 కూర్పులోనూ అంతే. అంటే ఉప్పుటేరు నుంచి ఓడ దాకా బార్జీ ప్రయాణమంతా అమ్మినవాడి గుండెల మీదే. ఎఫ్ఏఎస్ (ఫ్రీ అలాంగ్‌సైడ్ షిప్) అని ఒప్పందం రాసుకుంటే మాత్రం బార్జీని ఓడ పక్కకి చేర్చడంతో అతని పూచీ తీరిపోతుంది.

సీఐఎఫ్ (కాస్ట్, ఇన్సూరెన్స్, ఫ్రైట్) దగ్గర మనవాళ్లు తరచుగా పప్పులో కాలేస్తారు. బీమా, ఓడ కిరాయి రెండూ అమ్మినవాడే పెట్టుకుంటాడు కాబట్టి అవతలి రేవు చేరేదాకా నష్టం కూడా అతనిదే అనుకుంటారు. కాదు. కిరాయి కట్టేది ఆఫ్రికా దాకా, నష్టభయం దాటేది ఇక్కడ కాకినాడలోనే. నడిసముద్రంలో బియ్యం తడిస్తే బీమా కంపెనీ తలుపు తట్టాల్సింది కొన్నవాడు.

మూట దిగగానే పైన ఒకరు, కింద ఒకరు లెక్క రాసుకున్నారు. అది టాలీ. 24,000 టన్నుల బియ్యం ఎక్కించాలనుకోండి, 50 కిలోల లెక్కన 4,80,000 బస్తాలు. రోజుకి 1,500 టన్నులు ఎక్కిస్తామని ఒప్పుకుంటే 16 రోజుల గడువు. దీన్ని లేటైమ్ అంటారు. ఓడ సిద్ధంగా ఉందని కెప్టెన్ నోటీసు ఇచ్చాక, ఒప్పందంలో రాసుకున్న వేళ నుంచి గడియారం తిరుగుతుంది. గడువు మించితే రోజుకింతని ఓడ యజమానికి కట్టేదే డెమరేజీ. ముందే ముగిస్తే ఆయనే ఎదురు డబ్బిస్తాడు, సాధారణంగా డెమరేజీలో సగం. దాని పేరు డెస్పాచ్.

వానొస్తే? బియ్యం ఎక్కించేటప్పుడు చినుకు పడితే హ్యాచ్ మూతలు మూసెయ్యాల్సిందే. ‘వాతావరణం అనుకూలించిన పనిదినాలు’ అని ఒప్పందంలో ఉంటే ఆ సేపు గడియారం ఆగుతుంది. కానీ గడువు దాటి ఒకసారి డెమరేజీలో పడ్డాక సాధారణంగా వానకీ ఆగదు, ఆదివారానికీ ఆగదు. అందుకే ఎన్ని గంటలకి చినుకు మొదలైంది, ఎప్పుడు వెలిసింది, ఎప్పుడు మూతలు తీశారు అన్నది స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ అనే కాగితంలో నిమిషాలతో రాస్తారు. రోజుకి వేల డాలర్ల లెక్క మరి. “వాన గురించి అబద్ధమాడితే మా రేవులో పాపం కాదు, జీతం పోద్ది,” అన్నారు పెద్దాయన.

సరకు ఎక్కాక ఓడ చీఫ్ ఆఫీసరు సంతకంతో మేట్స్ రిసీట్ వస్తుంది. అందులో ‘కొన్ని సంచులు తడిగా ఉన్నవి’ అని ఒక్క ముక్క రాశాడా, ఎగుమతిదారుడికి ఆ రాత్రి నిద్ర లేదు. ఆ ముక్క బిల్ ఆఫ్ లేడింగులోకి ఎక్కుతుంది, అది ‘క్లీన్’ కాకుండా పోతుంది, కొన్నవాడి తరఫున లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరిచిన బ్యాంకు డబ్బు ఇవ్వనంటుంది. ఈ బిల్లు రసీదు మాత్రమే కాదు, సరకు మీద హక్కు పత్రం కూడా. అసలు ప్రతులు మామూలుగా మూడు ఇస్తారు. ఒకదానితో సరకు విడిపిస్తే మిగతా రెండూ చెల్లవు. టపా ఓడలు మునిగిపోయే కాలంలో పుట్టిన జాగ్రత్త అది, ఈమెయిల్ కాలంలోనూ పోలేదు.

2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి నిషేధించినప్పుడు ఇలాంటి రేవు మాటలే కొందరిని గట్టెక్కించాయి. లోడింగ్ అప్పటికే మొదలైన సరకుకి మినహాయింపు. కస్టమ్స్‌లో షిప్పింగ్ బిల్లు దాఖలై, ఓడ బెర్తు చేరినా, వచ్చి లంగరు వేసినా, రొటేషన్ నంబరు పడి ఉంటే దానికీ మినహాయింపు. ‘వచ్చి లంగరు వేసిన’ అన్న చిన్నమాట కాకినాడలాంటి రేవుకి ఎంత విలువైనదో వేరే చెప్పాలా. ఆ నిషేధం 2024 సెప్టెంబరు 28 దాకా ఉంది.

ఆ ఏడే నవంబరు చివర్లో, రేషన్ బియ్యం ఎక్కించారన్న ఆరోపణ వచ్చిన స్టెల్లా అనే ఓడ విషయంలో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ నోట వచ్చిన ‘సీజ్ ద షిప్’ ఊరూరా మారుమోగింది. రాజకీయం నాకొద్దు. దాని పుణ్యాన ఒక చిక్కు మాత్రం జనానికి తెలిసింది. ఇలాంటి ఓడలో ఓడ ఒకరిది, దాన్ని అద్దెకి తీసుకున్న చార్టరర్ ఇంకొకరు, లోపలి బియ్యం నలుగురైదుగురు షిప్పర్లది కావచ్చు. బియ్యం మీద కేసు, ఓడ మీద కేసు ఒకటి కావు.

నా బిల్లు సంగతీ తేలింది. కంటైనర్ల దగ్గర డెమరేజీకి అర్థం వేరు: డబ్బా గడువు దాటి రేవు లోపలే ఉంటే కట్టేది. బయటికి తీసుకెళ్లిన డబ్బాని ఖాళీ చేసి ఆలస్యంగా తిరిగిస్తే డిటెన్షన్. మా ఏజెంటు రెండు ఆలస్యాలూ చేశాడన్నమాట, డబ్బులు నావి.

ఈ మాటలన్నీ మనం అప్పు తెచ్చుకున్నవే అనుకోనక్కర్లేదు. ఇంగ్లీషు ‘గోడౌన్’ మలయ్ భాష మీదుగా వెళ్లిన మన గిడ్డంగేనని కొందరు నిఘంటుకారుల ఊహ. ఇక్కడికి దగ్గర్లోని కోరంగి రేవు పేరు పట్టుకుని బర్మాలో తెలుగు కూలీలందర్నీ ‘కోరంగీ’లనే పిలిచారు.

తిరుగు లాంచీ ఎక్కబోతుంటే దక్షిణాన మబ్బు నల్లబడింది. బార్జీ సరంగు ఎవరికో చెయ్యి ఊపాడు, కూలీలు పరుగున బస్తాల మీద టార్పాలిన్ లాగారు. పైన హ్యాచ్ మూతలు గరగరమంటూ జరుగుతున్నాయి. కుర్ర గుమాస్తా ఒకడు అరచేతి మీద పడ్డ చినుకుని చూసుకుని, పుస్తకం తీసి 4.20 అని రాశాడు. రెయిలింగు దగ్గర నిలబడ్డ ఓడ ఆఫీసరు తన గడియారం చూసుకుని తల అడ్డంగా ఊపాడు. “నాలుగూ ఇరవై ఐదు అంటాడండి ఆయన,” అని నవ్వారు మా పెద్దాయన, నెత్తిన తువ్వాలు కప్పుకుంటూ.