గుడారానికి గోడ లేదు: విదురాశ్వత్థంలో రాత్రి బస, శబ్ద మర్యాద

గౌరిబిదనూరు తాలూకాలో ఉత్తర పినాకినీ తీరాన వెలసిన విదురాశ్వత్థం మన సరిహద్దు ప్రాంత ప్రజలకు పరిచయం అక్కరలేని క్షేత్రం. విదురుడు నాటినదని స్థలపురాణం చెప్పే అశ్వత్థవృక్షం 2001లో నేలకొరిగినది. అయినను దాని చుట్టూ భక్తులు తరతరాలుగా ప్రతిష్ఠించిన వేలాది నాగశిలలు నిలిచే ఉన్నవి. సర్పదోష నివారణకు, సంతానప్రాప్తికి ఇటు చింతామణి, బాగేపల్లి నుండి, అటు హిందూపురం వైపు నుండి కుటుంబాలు వస్తూనే ఉంటాయి. చైత్రమాసంలో తేరు జరిగే రోజులలో గది దొరకనివారు చెట్ల క్రింద, ఏటి ఒడ్డున, ట్రాక్టరు పక్కన పట్ట కట్టుకొని, చాప పరచుకొని రాత్రి గడుపుతారు. నంది, స్కందగిరి కొండల వైపు బెంగళూరు నుండి గుడారాలు, బ్లూటూత్ స్పీకర్లు కారులో వేసుకొని వచ్చే యువకులు వేరొక రకం యాత్రికులు. ఈ ఇద్దరికీ సమానంగా వర్తించే విషయం ఒకటి ఉన్నది: ఆరుబయట పడుకొన్నవారి నిద్ర.

ఇంటిలో మనలను పొరుగువారి శబ్దం నుండి కాపాడేది గోడ. గోడ బరువైనది కనుక శబ్దాన్ని అడ్డుకొంటుంది. గుడారపు గుడ్డకు ఆ బరువు లేదు. ఎండను, మంచును ఆపగలదు గాని పాటను ఆపలేదు. ఆరుబయట శబ్దం తగ్గడానికి దూరం ఒక్కటే దారి. అదియు నెమ్మదిగా తగ్గుతుంది. ఒకే చోటు నుండి వెలువడే శబ్దం, దూరం రెట్టింపైనప్పుడెల్లా సుమారు 6 డెసిబెళ్ళు మాత్రమే తగ్గుతుంది. ఒక చిన్న స్పీకరు మీటరు దూరంలో 90 డెసిబెళ్ళు వినిపిస్తున్నదనుకొందాం. రెండు మీటర్లకు 84, నాలుగింటికి 78, ఎనిమిదింటికి 72. జాతరలో పక్క కుటుంబం పడుకొనేది ఈ ఎనిమిది మీటర్ల లోపలే. అదే శబ్దం 45 డెసిబెళ్ళకు దిగవలెనంటే 180 మీటర్లు దాటవలెను. పైగా నిర్మలమైన రాత్రులలో నేలకు దగ్గరి గాలి ముందుగా చల్లబడి, పైగాలి వెచ్చగా ఉండిపోతుంది. అప్పుడు పైకి పోవలసిన శబ్దం తిరిగి నేల వైపు వంగుతుంది. ఏటి అవతలి ఊరి భజన అర్ధరాత్రి మన పక్కనే జరుగుతున్నట్లు తోచడానికి కారణమిదే. పగటి సందడి అణగిపోవడం మరొక కారణం.

పైన చెప్పిన 45 అనే అంకె నా కల్పన కాదు. కేంద్ర ప్రభుత్వం 2000లో చేసిన శబ్ద కాలుష్య నియమాలలో నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితిగా నిర్ణయించారు. రాత్రి అనగా 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు. ఈ రెండవ గడియారపు ముల్లును మనవారు తరచు మరచిపోతారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు మైకులో పెట్టే పాట, ఎంత భక్తితో పెట్టినను, చట్టం దృష్టిలో రాత్రి శబ్దమే. ఆ వేళలో మూసిన మందిరాల లోపల తప్ప మైకులు వాడరాదు. 2010 సవరణతో వాయిద్యాలను కూడా ఈ నిషేధంలో చేర్చారు. పండుగల నిమిత్తం రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 10 నుండి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చును గాని, ఏడాదికి మొత్తం 15 రోజులకు మించరాదు. 12 దాటిన తరువాత ఆ సడలింపు లేదు. సర్వోన్నత న్యాయస్థానం 2005 జూలైలో ఇచ్చిన తీర్పులో ఈ రాత్రి నిషేధాన్ని గట్టిగా సమర్థించినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. అది కొట్టివేయదగినది కాదు. విదురాశ్వత్థం గొంతు నొక్కిన చోటు. 1938 ఏప్రిల్ 25న, జాతర రోజులలోనే, నిషేధాజ్ఞను ధిక్కరించి ధ్వజ సత్యాగ్రహానికి కూడిన ప్రజలపై మైసూరు సంస్థానపు పోలీసులు కాల్పులు జరిపారు. మృతుల సంఖ్యపై ప్రభుత్వపు లెక్కకు, ప్రజల లెక్కకు ఆనాడే పొత్తు కుదరలేదు. అటువంటి చోట మరల ‘మాట్లాడకండి’ అనడమా? కాదు. ఆనాటి ఆజ్ఞ అడ్డుకొన్నది జెండాను, మాటను. నేటి నియమం అడ్డుకొనేది వేళ కాని వేళ మోతను. ఏమి పాడవలెనో అది చెప్పదు. పదింటికి ముందు ఎంతైనా పాడుకోవచ్చును, పరిమితికి లోబడి. ఈ తేడాను పిల్లలకు చెప్పడం సులభం, పెద్దలకు చెప్పడమే కొంత కష్టమని ఉపాధ్యాయవృత్తిలో ఉన్న నాకు తోస్తున్నది.

మరొక మాట. మన సీమలో అనేక క్షేత్రాలలో ‘నిద్ర చేయడం’ అనేది మ్రొక్కులో భాగం. సంతానం కోరి వచ్చిన దంపతులు దేవుని సన్నిధిలో ఒక రాత్రి పడుకొంటారు. అక్కడ నిద్రయే సేవ. ఇతరుల భక్తి పేరుతో ఆ నిద్రను చెడగొట్టడం ఎంత విడ్డూరమో చెప్పనక్కరలేదు. భక్తులను తెచ్చిన వాహన చోదకుని సంగతి మరీ ముఖ్యం. రాత్రంతా మోత విన్నవాడు తెల్లవారి ఇరవై మందిని ఎక్కించుకొని ఘాటీ దిగవలసి ఉంటుంది. అతని వ్యాను పక్కన జనరేటరు పెట్టకుండుట కనీస మర్యాద. జనరేటరు పొగ నిద్రించేవారికి ప్రాణాపాయం కూడాను.

పక్కవారు పాట ఆపకపోతే అడిగే తీరు కూడా ఉన్నది. చీకటిలో అవతలివారు తెలుగువారో కన్నడిగులో తెలియదు. దూరం నుండి కేక వేస్తే అది కూడా శబ్దమే, పైగా పంతం పెరుగుతుంది. ఒక్కరు దగ్గరకు నడచి వెళ్ళి, ‘అన్నా, పాప పడుకొన్నది, కొంచెం తగ్గిస్తారా’ అనవచ్చును. కన్నడంలో ‘అణ్ణా, మగు మలగిదె, స్వల్ప కడిమె మాడి’ అంటే చాలును. ‘ఆపండి’ అన్న మాటకన్న ‘తగ్గించండి’ అన్న మాట త్వరగా చెవికెక్కుతుంది. తగాదాకు సిద్ధంగా ఉన్నవారైతే, తాగి ఉన్నవారైతే, వారితో వాదించక 112కు ఫోను చేయడమే మంచిది.

ఊరి పెద్దలు, జాతర నిర్వాహకులు చేయదగినది ఒకటి ఉన్నది. మైదానంలో ఒక సున్నపు గీత గీసి, జాగరణ చేసే భజన బృందాలకు ఒక పక్క, పసిపిల్లలతో, వృద్ధులతో వచ్చినవారికి గాలివాటుకు ఎదురుగా మరొక పక్క చోటు చూపవచ్చును. గాలి తమ నుండి భజన వైపు వీస్తే, నిద్రించేవారికి మోత కొంత తక్కువగా వినిపిస్తుంది. గీతకు కావలసినది ఒక బుట్టెడు సున్నం, సాయంత్రం ఒక గంట పని.