గ్రేట్ డేన్ కుక్క: ఎదుగుదల, పోషణ, ఆయుర్దాయము

ఎరువు మితిమీరి వేసినచో వరిపైరు ఏపుగా పెరిగి, వెన్ను బరువెక్కిన తరువాత చిన్న గాలివానకే పడిపోవుట రైతులందరు నెరిగినదే. కాండమునకు బలము చేకూరకముందే పొడవును బరువును పెరుగుట దీనికి కారణము. భారీజాతి కుక్కపిల్లల పెంపకమునందును ఇట్టి పొరపాటే తరచుగా జరుగుచున్నది. మన ప్రాంతములలో గ్రేట్ డేన్ జాతి కుక్కలను ముచ్చటపడి పెంచువారు కలరు గావున, ఆ జాతినిగూర్చి తెలిసికొనదగిన ముఖ్యాంశములను ఇందు మనవి చేయుచున్నాము.

పేరులో డెన్మార్కు దేశము ధ్వనించినను, ఈ జాతి రూపొందినది జర్మనీ దేశమున. అచట తొలుత అడవిపందుల వేటకును, పిదప ఇండ్ల కావలికిని దీనిని పెంచిరి. జాతిప్రమాణము ననుసరించి మగకుక్క భుజమువద్ద 80 సెంటీమీటర్లకును, ఆడుకుక్క 72 సెంటీమీటర్లకును తక్కువ యుండరాదు. ఎదిగిన మగకుక్క 54 మొదలు 80 కిలోగ్రాములవరకు తూగును. ఆకారము భీకరమైనను స్వభావము సాధారణముగా శాంతమైనది. ఇంటివారిని విడిచి ఒంటరిగా నుండజాలదు.

పుట్టినపుడు పిల్ల బరువు అరకిలోకు కొంచెము హెచ్చుగా నుండును. ఏడాదిన్నర లోపల అది దాదాపు నూరు రెట్లగును. మానవశిశువు ఇరువది రెట్లు పెరుగుటకు పదునెనిమిదేండ్లు పట్టుననిన, ఈ వేగ మెట్టిదో గ్రహింపవచ్చును. చిన్నజాతి కుక్కల ఎదుగుదల ఎనిమిది, పది నెలలకే ముగియును. గ్రేట్ డేన్‌కు 18 మొదలు 24 నెలలు కావలెను. అంతవరకు ఎముకల కొనలయందు మెత్తని భాగము మిగిలియుండి క్రమముగా గట్టిపడుచుండును. ఆ కాలమున మీద పడిన అధికభారము కాళ్ల వంకరలను, కీళ్లనొప్పులను, కుంటితనమును కలిగించును.

ఈ విషయము పరీక్షలవలన రుజువైనది. 1974లో అమెరికాయందలి కార్నెల్ విశ్వవిద్యాలయమువారు గ్రేట్ డేన్ పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు తిన్నంత మేతయు, రెండవదానికి అందులో మూడింట రెండువంతులును పెట్టిచూచిరి. తిన్నంత పెట్టిన పిల్లలు త్వరగా బరువెక్కినవిగాని, ఎముకల జబ్బులు వానియందే మెండుగా కనబడినవి. 1985లో నెదర్లాండ్సులోని యూట్రెక్టు విశ్వవిద్యాలయమున ఆహారములో సున్నపు ధాతువును, అనగా కాల్షియమును, మూడు రెట్లు పెంచిచూడగా ఎముకలు బలపడుటకు మారుగా వానియెదుగుదల చెడినది. లేతపిల్లల ప్రేగులకు హెచ్చు కాల్షియమును త్రోసివేయు శక్తి చాలకపోవుటయే ఇందులకు హేతువు.

కావున పిల్లకు కాల్షియము మాత్రలు, పొడులు వైద్యుడు చెప్పనిదే పెట్టరాదు. అట్లని వట్టి అన్నమును మాంసమును పెట్టుటయు మేలుకాదు. అందు కాల్షియము మిక్కిలి తక్కువ. భారీజాతి పిల్లల కొరకు ప్రత్యేకముగా తయారైన మేత వాడుట, లేదా పశువైద్యునిచే ఇంటిమేత పాళ్లను నిర్ణయింపజేసికొనుట ఉత్తమము. పక్షమున కొకమారు తూకము వేయవలెను. చేతితో నిమిరినపుడు ప్రక్కటెముకలు సులువుగా తగులవలెను. తగులనిచో మేత తగ్గింపవలెను. ఏడాదిన్నర నిండువరకు సైకిలు వెంట పరుగెత్తించుట, ఎత్తునుండి దుమికించుట, నున్నని బండలపై జారనిచ్చుట కూడదు. మోచేతులు ఒరసికొని పుండ్లు పడకుండ మెత్తని పడక వేయవలెను. వేసవిలో ఎండవేళ బయట త్రిప్పరాదు. నీడయు చల్లని నీరును ఎల్లపుడు నందుబాటులో నుండవలెను. వెర్రికుక్క వ్యాధి రాకుండ మూడవ నెలలో టీకా వేయించి, పిదప వైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచుండవలెను.

ఈ జాతికి మృత్యువై వచ్చు రోగములలో ముఖ్యమైనది కడుపుబ్బి మెలిపడుట. లోతైన రొమ్ముగల కుక్కలలో జీర్ణాశయము వాయువుతో నిండి తనచుట్టు తాను తిరిగి, రక్తప్రసారమును నిలిపివేయును. కడుపు డోలువలె బిగియుట, వాంతి వచ్చునట్లు ఓకరించినను ఏమియు పడకపోవుట, చొంగ కార్చుట, నిలకడలేక తిరుగుట దీని లక్షణములు. పశువుల ఉబ్బరమునకు నూనె పట్టించు అలవాటు మన పల్లెలలో గలదు. కుక్కకు మాత్రము ఏమియు పట్టింపరాదు. కొలది గంటలలోనే ప్రాణము పోవును గనుక, వెంటనే శస్త్రచికిత్స చేయగల వైద్యునివద్దకు కొనిపోవలెను. రోజు మేతను రెండు మూడు పూటలుగా పంచుట, ఆత్రముగా మ్రింగకుండ చూచుట, తిన్నవెంటనే పరుగెత్తింపకుండుట మేలు. కడుపును ప్రక్కగోడకు కుట్టి మెలిపడకుండ చేయు శస్త్రచికిత్సను ముందుగానే చేయించుటయు నేడు వాడుకలో నున్నది.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను గ్రేట్ డేన్ ఆయుర్దాయము సాధారణముగా ఏడు మొదలు పదేండ్లు మాత్రమే. చిన్నజాతి కుక్కలు పదునాలుగు, పదునైదేండ్లు బ్రతుకుట అరుదుకాదు. పలుజాతులను పోల్చి 2013లో ప్రకటించిన ఒక పరిశోధనలో, జాతి బరువు రెండు కిలోలు పెరిగినకొలది ఆయువు సుమారు ఒక నెల తగ్గునని తేలెను. పెద్దజాతులు త్వరగా ముసలివగుటయే అందులకు కారణమని వారి అభిప్రాయము. గుండెకండరము సడలుట, ఎముకలయందు పుట్టకురుపు లేచుట ఈ జాతిని తరచుగా బాధించు తక్కిన వ్యాధులు. మిషిగన్ రాష్ట్రమునందలి జ్యూస్ అను గ్రేట్ డేన్ 2011లో 111.8 సెంటీమీటర్ల ఎత్తుతో ప్రపంచమున మేటియని గిన్నిస్ గ్రంథమున కెక్కెను. 2014లో అయిదేండ్ల ప్రాయముననే మరణించెను.

పెయ్యదూడను కొనునపుడు తల్లి పాడి విచారించినట్లే, ఈ పిల్లను కొనువారు తల్లిదండ్రులను కన్నులార చూచి, వాని నడకను, గుండె ఆరోగ్యమును, పూర్వులు బ్రతికిన యేండ్లను విచారింపవలెను. ఈతలో మిక్కిలి లావైన పిల్లయే మేలైనదని మోసపోరాదు. మేతకును వైద్యమునకును ప్రతినెల అగు వ్యయమును, శస్త్రచికిత్స చేయగల పశువైద్యశాల ఎంతదూరమున నున్నదో దానిని ముందే లెక్కచూచుకొనవలెను. ఆ రెండును తమ శక్తికి మించినవైనచో, కావలికి మన ఊరికుక్కపిల్లనే చేరదీయుట ఇంటికిని కుక్కకును క్షేమమని మా మనవి.