పార్టీలకు ఒక రూల్, ఎన్జీవోలకు ఇంకో రూలా? హక్కుల సంఘాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎందుకు ఆగిపోతుంది?

భారత్‌లో ఓటింగ్ శాతం పెంచడానికి అమెరికా 2.1 కోట్ల డాలర్లు కేటాయించిందన్న మాట 2025 ఫిబ్రవరిలో పెద్ద దుమారం రేపింది. మన లెక్కలో దాదాపు 182 కోట్ల రూపాయలు. ఆ గ్రాంటు రద్దు చేస్తున్నామని ట్రంప్ సర్కారు పెట్టిన ‘డోజ్’ విభాగం ప్రకటించడమే ఆలస్యం, ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లిందంటూ బీజేపీ, కాంగ్రెస్ ఒకదానిపై మరొకటి విరుచుకుపడ్డాయి. టీవీల్లో చర్చలే చర్చలు.

మరి చివరికి తేలిందేంటి? అదే ఏడాది ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం రాజ్యసభకు జవాబిచ్చింది. 2014 నుంచి 2024 వరకు భారత్‌లో ఓటింగ్ కోసం ఆ 2.1 కోట్ల డాలర్లు రాలేదు, ఇవ్వలేదు, అలాంటి కార్యక్రమమేదీ జరపలేదు అని ఢిల్లీలోని అమెరికా ఎంబసీ తెలిపినట్లు అందులో ఉంది. దుమారం రేగినంత జోరుగా ఈ జవాబు మాత్రం జనంలోకి వెళ్లలేదు.

కానీ ఆ గొడవ ఒక అసలు ప్రశ్నను ముందుకు తెచ్చింది. హక్కుల కోసం, ఓటరు చైతన్యం కోసం పనిచేసే సంఘాలకు డబ్బు ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వకపోతే ఏమవుతుంది?

హైదరాబాద్‌లో ఏం జరిగింది?

రాని డబ్బు గురించి ఢిల్లీలో గొడవ నడుస్తుంటే, నిజంగా వస్తున్న డబ్బు ఆగిపోయి హైదరాబాద్‌లో ఒక క్లినిక్ మూతపడింది. దాని పేరు ‘మిత్ర్’. ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో దేశంలోనే తొలిసారిగా మొదలైన క్లినిక్ ఇది. అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ నిధులతో నడిచేది. హెచ్ఐవీ వైద్యం, హార్మోన్ చికిత్సపై సలహా, మానసిక ఆరోగ్యం, న్యాయ సాయం అన్నీ ఒకేచోట దొరికేవి. హైదరాబాద్, కల్యాణ్, పుణేలలోని ఈ క్లినిక్‌లు కలిపి దాదాపు 5 వేల మందికి సేవలందించాయి.

2025 జనవరి 20న అమెరికా విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేసింది. ఆ దెబ్బకు క్లినిక్‌లకు తాళం పడింది. అదే ఏడాది జులై 1 నాటికి యూఎస్ఎయిడ్ సొంతంగా పథకాలు నడపడమే ఆగిపోయింది. అయితే హైదరాబాద్ క్లినిక్ కథ అంతటితో ముగియలేదు. కొన్ని నెలలకే టాటా ట్రస్ట్స్ సాయంతో ‘సబ్‌రంగ్’ పేరిట మళ్లీ తలుపులు తెరుచుకుంది.

అంటే వైద్యానికి దేశంలోనే ఇంకో దాత దొరికాడు. అదే ప్రభుత్వం మీద కోర్టుకెళ్లే సంఘానికో, లాకప్ మరణాలపై నిజనిర్ధారణ చేసే సంఘానికో అయితే? అంత తేలిగ్గా దొరకరు. చిక్కంతా అక్కడే.

ఎఫ్‌సీఆర్ఏ అంటే ఏంటి?

విదేశాల నుంచి విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద కేంద్ర హోంశాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ చట్టం మొదట వచ్చింది 1976లో, ఎమర్జెన్సీ సమయంలో. దాని స్థానంలో 2010లో కొత్త చట్టం తెచ్చారు, 2011 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది.

రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థ పుట్టి కనీసం మూడేళ్లు కావాలి. ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షల రూపాయలు తన లక్ష్యాల కోసం ఖర్చు చేసి ఉండాలి. అనుమతి ఐదేళ్లే. తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. ఏటా లెక్కలు సమర్పించాలి.

పార్లమెంటులో కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం 2021-22లో ఎన్జీవోలకు వచ్చిన విదేశీ విరాళాలు 22,085 కోట్ల రూపాయలు. ఇందులో ఆస్పత్రులు, బడులు, మత సంస్థలు, అనాథాశ్రమాలు అన్నీ ఉన్నాయి. హక్కుల సంఘాలు ఆ పెద్ద గుంపులో కొన్ని మాత్రమే.

2020లో ఏం మారింది?

2020 సెప్టెంబర్‌లో చట్టాన్ని సవరించారు. ముఖ్యమైన మార్పులు నాలుగు.

ఒకటి: విదేశీ డబ్బు మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోకే రావాలి. ఆదిలాబాద్ ఏజెన్సీలోని సంస్థయినా, శ్రీకాకుళం సంస్థయినా సరే, ఖాతా మాత్రం ఢిల్లీలో ఉండాల్సిందే.

రెండు: ఆఫీసు, జీతాల వంటి పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. అన్నదానానికో, దుప్పట్ల పంపిణీకో ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. కేసులు నడిపే సంస్థకు లాయరే పని, రికార్డులు తిరగేసే మనిషే పని. కొన్ని మినహాయింపులున్నా, అలాంటి చోట 20 శాతం గీత గట్టిగానే బిగుసుకుంటుంది.

మూడు: ఒక సంస్థ తాను తీసుకున్న విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. గతంలో పెద్ద సంస్థలు డబ్బు తెచ్చి, పల్లెల్లో పనిచేసే చిన్న సంఘాలకు పంచేవి. ఇంగ్లిష్‌లో ప్రాజెక్టు రిపోర్టు రాయలేని చిన్న సంఘానికి అదే దారి. ఇప్పుడది మూసుకుపోయింది.

నాలుగు: సంస్థ ముఖ్యుల ఆధార్ తప్పనిసరి చేశారు.

దీనిపై కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2022 ఏప్రిల్ 8న కోర్టు సవరణలు సరైనవేనని తీర్పిచ్చింది. విదేశీ విరాళం తీసుకోవడం తిరుగులేని హక్కేమీ కాదని చెప్పింది. ఆధార్ విషయంలో మాత్రం ఊరటనిస్తూ, భారత పాస్‌పోర్టు చూపినా చాలంది.

ప్రభుత్వం ఏమంటోంది? సంస్థలు ఏమంటున్నాయి?

విదేశీ డబ్బు దేశ రాజకీయాలను, విధానాలను మలుపు తిప్పకూడదన్నది ప్రభుత్వ వాదన. సేవ పేరు చెప్పి వేరే పనులకు వాడితే ఊరుకోబోమంటోంది. ఏ దేశమైనా ఈ జాగ్రత్త పడుతుంది, అందులో తప్పుపట్టడానికేం లేదు.

నిబంధనలు అందరికీ ఒకటే అయినా, ప్రశ్నించేవాళ్ల మీదే ముందు పడుతున్నాయన్నది హక్కుల సంస్థల ఆరోపణ. బ్యాంకు ఖాతాలు స్తంభించడంతో 2020 సెప్టెంబర్‌లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఇండియా దేశంలో పని ఆపేసింది. ఆ సంస్థ నిబంధనలు దాటి విదేశీ డబ్బు తెచ్చిందని కేంద్రం, తప్పులు ఎత్తిచూపినందుకే కక్ష కట్టారని సంస్థ చెప్పుకున్నాయి. 2022 జనవరి నాటికి ఆక్స్‌ఫామ్ ఇండియాకు రెన్యువల్ దక్కలేదు. విధాన పరిశోధన చేసే సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ రిజిస్ట్రేషన్ 2024 జనవరిలో రద్దయింది. మొత్తం మీద ఇప్పటిదాకా రద్దయిన రిజిస్ట్రేషన్లు 20 వేలకు పైనే. వీటిలో లెక్కలు సమర్పించనివి, పని ఆపేసినవి కూడా చాలానే ఉన్నాయి.

ఇక ధర్నా, బంద్, రాస్తారోకో చేస్తే ‘రాజకీయ స్వభావం ఉన్న సంస్థ’ అని ముద్ర వేయొచ్చా? 2020 మార్చి 6న ఇన్సాఫ్ అనే సంస్థ కేసులో సుప్రీంకోర్టు దీనికి సమాధానం చెప్పింది. రాజకీయ లక్ష్యం లేకుండా, హక్కుల కోసం పోరాడే జనానికి అండగా నిలిచినంత మాత్రాన ఆ ముద్ర వేయకూడదని తేల్చింది.

మరి పార్టీల సంగతేంటి?

రాజకీయ పార్టీలు విదేశీ డబ్బు తీసుకోకూడదని ఇదే చట్టం చెబుతోంది. ఒక విదేశీ కంపెనీకి చెందిన గ్రూపు సంస్థల నుంచి బీజేపీ, కాంగ్రెస్ విరాళాలు తీసుకుని చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఆ కేసు వేసింది ఏడీఆర్ అనే పౌర సంస్థ, దాంతో పాటు విశాఖకు చెందిన మాజీ ఐఏఎస్ అధికారి ఈఏఎస్ శర్మ.

తర్వాత ఏమైంది? 2016 ఫైనాన్స్ చట్టంతో ‘విదేశీ కంపెనీ’ నిర్వచనాన్నే మార్చారు. అది 2010 నుంచి వర్తిస్తుందన్నారు. అంతటితో సరిపోలేదని 2018లో మళ్లీ సవరించి 1976 వరకు వెనక్కి తీసుకెళ్లారు. పార్టీలకు పాత తప్పు కూడా తప్పు కాకుండా పోయింది. ఎన్జీవోలకు మాత్రం 2020లో పగ్గాలు ఇంకా బిగించారు.

ఏడీఆర్ పేరు తెలియకపోయినా, దాని పని ప్రతి ఎన్నికలో కనిపిస్తూనే ఉంటుంది. మీ ఎమ్మెల్యే అభ్యర్థి మీద ఎన్ని క్రిమినల్ కేసులున్నాయి, ఆస్తులెంత, ఏం చదివాడు అని టీవీ తెర మీద వచ్చే ఆ పట్టిక ఉంది కదా. ఏడీఆర్ వేసిన కేసులో 2002 మే 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లే ఆ వివరాలు బయటకు వస్తున్నాయి. 2024 ఫిబ్రవరి 15న ఎలక్టోరల్ బాండ్లను కోర్టు కొట్టేసిన కేసులోనూ ఏడీఆర్ పిటిషనరే. ఇలాంటి కేసులు ఏళ్ల తరబడి నడుస్తాయి. అన్నేళ్లూ ఎవరో ఒకరు ఖర్చు భరించాలి.

దేశంలో డబ్బు లేదా?

లేకేం, ఉంది. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. సీఎస్ఆర్ అంటే ఇదే. 2021-22లో ఇది 26 వేల కోట్ల రూపాయలు దాటింది. అంటే ఆ ఏడాది విదేశాల నుంచి వచ్చిన దానికంటే ఎక్కువే.

అయితే ఈ డబ్బు దేనికి వాడాలో చట్టంలోని ఏడో షెడ్యూల్ చెబుతుంది. చదువు, వైద్యం, తాగునీరు, పర్యావరణం, క్రీడలు, గ్రామాభివృద్ధి అందులో ఉన్నాయి. పౌర హక్కులు, ఎన్నికల సంస్కరణలు అన్న మాటలు లేవు. పైగా భూమికి, లైసెన్సుకు సర్కారు ఆఫీసు మెట్లెక్కే కంపెనీ, అదే సర్కారును నిలదీసే సంఘానికి చెక్కు రాయాలంటే ఒకటికి పదిసార్లు ఆలోచిస్తుంది. బడికి బెంచీలు ఇస్తే ఫొటో వస్తుంది. కస్టడీ మరణంపై కేసుకు ఇస్తే ఫోన్ వస్తుంది.

ప్రభుత్వమే డబ్బిచ్చి తనను తాను ప్రశ్నించుకోలేదా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ ప్రయోగం చేసింది. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ కోసం 2009లో ప్రత్యేక సొసైటీ ఏర్పాటైంది. ఊళ్లోని యువతకే శిక్షణ ఇచ్చి, మస్టర్లు తీసి, కూలీల ముందే గ్రామసభలో చదివించారు. ఇలాంటి తనిఖీల కోసం పథకం ఖర్చులో 0.5 శాతం వరకు ఇచ్చే ఏర్పాటు ఉండేది. ఎవరి దయ మీదా ఆధారపడకుండా వాటా ముందే రాసిపెట్టి ఉంటే ప్రశ్నించడం సాధ్యమేనని అది చూపించింది. కాకపోతే ఆ వాటా విడుదల చేసేది కూడా ప్రభుత్వమే.

చందాలతోనే నడిచిన సంఘాలు

ఏ ఫండింగ్ ఏజెన్సీ దగ్గరా చేయి చాపకుండా నడిచినవాళ్లూ ఉన్నారు. 1976లో ఎమర్జెన్సీ సమయంలో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో పుట్టిన సంఘమే పీయూసీఎల్. హైదరాబాద్ న్యాయవాది కె.జి. కన్నబిరాన్ చాలా ఏళ్లు దానికి జాతీయ అధ్యక్షుడిగా ఉన్నారు. ఈ సంఘం సభ్యుల చందాలు, వ్యక్తుల విరాళాలతోనే నడుస్తుంది.

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌దీ అదే దారి. 1996లో బ్యావర్ పట్టణంలో సమాచార హక్కు కోసం 40 రోజులు ధర్నా చేసింది. చుట్టుపక్కల పల్లెలు ధాన్యం పంపాయి, పట్టణంలో జనం తోచింది ఇచ్చారు. ఆ పోరాటం చివరకు 2005 సమాచార హక్కు చట్టానికి దారి వేసింది.

ఈ పద్ధతిలో బలం ఉంది. లైసెన్సు రద్దు చేస్తామని ఎవరూ బెదిరించలేరు. కష్టమూ ఉంది. పూర్తికాలం పనిచేసే మనుషులకు జీతం ఇవ్వడం కష్టం, కేసు పదేళ్లు సాగితే లాగడం కష్టం.

అమెరికాలో ఉన్న మన పిల్లలు విరాళం ఇవ్వొచ్చా?

తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఉండే సందేహం ఇది. జవాబు పాస్‌పోర్టు మీద ఆధారపడి ఉంటుంది. విదేశాల్లో ఉన్నా భారత పాస్‌పోర్టే ఉంటే, సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్‌కార్డు ఉన్నా అంతే. అక్కడి పౌరసత్వం తీసుకుంటే మాత్రం, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. అప్పుడు తీసుకునే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ అనుమతి ఉండాల్సిందే.

ఇక్కడ ఉండి ఇచ్చేవాళ్లు కొన్ని చూసుకోవాలి. సంస్థ ఏటా ఆడిట్ లెక్కలు బయటపెడుతోందా? 80జీ పన్ను మినహాయింపు ఉందా? రూ.2,000 దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే వర్తించదు. ఎఫ్‌సీఆర్ఏ ఉందని చెబితే హోంశాఖ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు.

ఒక్క లెక్క మాత్రం గుర్తుంచుకోవాలి. ఒకే దాత మీద ఆధారపడిన సంస్థ ఆ దాత చేయి వెనక్కి తీసుకున్న రోజే ఆగిపోతుంది. హైదరాబాద్ క్లినిక్‌లో జరిగింది అదే. నెలకు రూ.100 చొప్పున వెయ్యి మంది ఇస్తే లక్ష రూపాయలు. ఒక చిన్న ఆఫీసు, ఒకరిద్దరు కార్యకర్తలు, కోర్టు ఖర్చులు అందులో నడుస్తాయి. ఆ వెయ్యి మందినీ ఒకేసారి ఆపించడం ఎవరి తరమూ కాదు.