యాభైవేలలో ఆటలయంత్రము

నాగిరెడ్డిపేట మండలములోని పోచారము జలాశయమును చూచినవారు చాలమంది కలరు. ఈ వ్యాసము 1922లో ముగిసిన ఆ కట్టనుగూర్చి కాదు. ఆ పరిసరములనుండి యాభైవేల రూపాయలు మూటగట్టుకొని, ఆటలకు తగిన కంప్యూటరును విడిభాగములతో కూర్పించుకొన బయలుదేరు యువకునిగూర్చి. అతడు యెల్లారెడ్డి మీదుగా కామారెడ్డి చేరి రైలెక్కవచ్చును. 2022లో రైలు వచ్చిన పిదప మెదకునుండియు పోవచ్చును. ఏ దారిని పోయినను తుదకు చేరునది సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరే. విడిభాగముల అంగళ్లకు అది పేరుపడిన చోటు.

ఆ యాభైవేలు ఊరక వచ్చినవి కావు. వరికోత అయిన పిదప ఎరువులకొట్టు బాకీ తీర్చగా మిగిలినవి. "చదువునకును పనికివచ్చును" అన్న మాటమీద తండ్రి ఒప్పుకొన్నాడు. ఆ మాట నిలుపుకొనుట కొనువాని చేతిలోనే యున్నది.

సగము నిర్ణయము ఊరు విడువకముందే జరుగవలెను. ఏ ఆటలు, ఎంత తెర? 1920కి 1080 చుక్కల తెర యైనచో యంత్రము ప్రతి బొమ్మకు దాదాపు ఇరువదిలక్షల డెబ్బదివేల చుక్కలు గీయవలెను. 2560కి 1440 తెర యైనచో అవి ముప్పదియారు లక్షలు దాటును. పని ఇంచుమించు రెట్టింపు. దానికి తగిన గ్రాఫిక్స్ కార్డు ధరయు పెరుగును. ఇంత తక్కువ సొమ్ములో మొదటి తెరయే మర్యాద. తెరను చివర ఎన్నుకొనుట మనలో అలవాటైనది గాని, అది చెప్పులు కొని కాళ్లు వెదకుకొనుటవంటిది.

అంగట తరచుగా వినవచ్చు మాట: "అన్నిటికన్న పెద్ద కార్డు వేయుడు." ఇది అర్ధసత్యము. ఇంటెల్‌వారి ఆర్క్ బి580 కార్డు 2024 డిసెంబరులో వచ్చినది; 12 గిగాబైట్ల స్వంత జ్ఞాపకముతో, ధరకు మించిన బలము కలది. అయినను పాత ప్రాసెసరుతో జతపరచినపుడు కొన్ని ఆటలలో దాని వేగము గట్టిగా తగ్గునని 2025 ఆరంభములో పరీక్షకులు చూపిరి. కార్డు బలమైనదే, దానికి పని అందించు చేయి చాలలేదు. కాబట్టి భాగములను విడివిడిగా కాక జతగా బేరము చేయవలెను.

ఇక ఎవరును అడుగని భాగమొకటి కలదు: పవర్ సప్లై. అది కంటికి కనబడదు, ఆటలో వేగము పెంచదు. అందుచేత మొదటి కత్తెర దానిమీదనే పడును. చౌక కేబినెట్టుతో వచ్చు పెట్టెపై 450 వాట్లని అచ్చువేసియుండును. పెట్టె ప్రక్కనున్న పట్టికలో 12 వోల్టుల వరుస ఎన్ని ఆంపియర్లు మోయునో చూచి, ఆ అంకెను పన్నెండుతో గుణించుడు. అసలు బలము తేలిపోవును. "80 ప్లస్" ముద్ర మంచిదే గాని, అది విద్యుత్తు ఎంత వృథా కాకుండ వాడబడునో చెప్పును. ఆపదలో యంత్రమును కాపాడునో లేదో చెప్పదు. వ్యవసాయపు మోటర్లు ఒక్కసారిగా నడచు వేళ పల్లెలో వోల్టేజి కుంగును, అవి ఆగినంతనే లేచును. నగరవాసి ఈ ఖర్చులో కొంత తగ్గించుకొన్నను చెల్లునేమో, పోచారమువాడు తగ్గించుకొనరాదు. మత్తడి విలువ వానకాలములో గదా తెలియును! 2025 ఆగస్టు చివర వరదనీరు పైనుండి పొర్లినను ఆ పాత కట్ట నిలిచినది. మంచి కంపెనీ 550 వాట్ల పెట్టె ఈ తరహా యంత్రమునకు చాలును. అది రేపటి కార్డునకును పనికివచ్చును.

ర్యామ్ సంగతి వేరు. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధ కేంద్రముల కొనుగోళ్లవలన దాని ధర విపరీతముగా పెరిగి, కొన్ని రకములకు రెండింతలు దాటినది. ఈ స్థితిలో యాభైవేలకే తెర, కార్డు, మంచి పవర్ సప్లై అన్నియు కావలెనన్న ఏదో ఒకటి నాసిరకము కాక తప్పదు. అందుచేత నేను చెప్పునది: మొదట కార్డు కొనకుడు. రైజెన్ 5 5600జి ప్రాసెసరులోనే బొమ్మలు గీయు భాగము కలదు. 2021 నాటిదైనను వాలరెంట్, 2015లో కంప్యూటరునకు వచ్చిన జీ.టీ.ఏ. 5 వంటి ఆటలను తెరపై సుఖముగా నడుపును. సైబర్‌పంక్ 2077 వంటివి ఆగవలసినదే. నియమమొకటి: ఎనిమిదేసి గిగాబైట్ల ర్యామ్ బద్దలు రెండు వేయవలెను, పదునారింటిది ఒకటి కాదు. ఆ గీయు భాగము ర్యామ్‌నే వాడుకొనును. రెండు బద్దలైనచో దారి రెండింతల వెడల్పగును. దీనికొక లోటు లేకపోలేదు: 5600తో పోల్చిన ఇందులో లోపలి క్యాష్ సగమే. పిదప కార్డు చేర్చినపుడు ఆ తేడా కొంత కనబడును. అయినను వచ్చే పంటకు ఆర్.ఎక్స్. 6600 వంటి కార్డొకటి చేర్చుకొనుటకు త్రోవ తెరచియుండును. చదువు మాత్రము నేటినుండే సాగును.

పాతకార్డుల చౌక చాలమందిని లాగును. 2022 సెప్టెంబరులో ఎథీరియం తవ్వకము ఆగిన పిదప, రేయింబవళ్లు కాలిన కార్డులు లెక్కకు మిక్కిలిగా పాతసరకు బజారులో పడినవి. కొనక తప్పనిచో అంగటనే అరగంట బరువైన ఆట నడిపించి, తెరపై మచ్చలు వచ్చుచున్నవేమో, పంకాలు గరగరలాడుచున్నవేమో చూడవలెను. కొత్తవానికైనను జీఎస్టీ బిల్లుపై సీరియల్ నంబరు వ్రాయించుకొనవలెను. కార్డు పాడైనపుడు వారంటీకై మరల రైలెక్కవలసినది తానే. ఆ రోజు కూలియు, చార్జీలును బేరములో ఎవరును లెక్కవేయరు. యంత్రమును అంగటనే కూర్పించి, వెలిగించి చూచి, పిదప కేబినెట్టును దుప్పటిలో చుట్టుకొని సాయంత్రపు బండి ఎక్కవలెను.