మౌనం అన్నిచోట్లా అంగీకారం కాదు

'మౌనం అర్ధాంగీకారం' అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. పెళ్లిచూపుల్లో అమ్మాయి తల వంచుకుని కూర్చుంటే 'పిల్లకి ఇష్టమేలే' అనేసి పెద్దవాళ్లు తాంబూలాలకి సిద్ధమైపోతారు. ఆ మౌనం వెనక ఏముందో విడిగా కూర్చోబెట్టి అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అడగకపోవడం వల్ల ఏమవుతుందో ఆడవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు!

వ్యాపారంలోనూ అచ్చం ఇదే జరుగుతుంటుంది. ఒక దేశం కంపెనీ ఇంకో దేశంలో అడుగుపెడుతుంది. తన పద్ధతులన్నీ వెంట తెచ్చుకుంటుంది. 'రేపటి నుంచి ఇలా చెయ్యాలి' అంటుంది. ఎదుటివాళ్లు తలూపుతారు, లేదా ఊరుకుంటారు. ఒప్పేసుకున్నారనుకుని కంపెనీ ముందుకెళ్లిపోతుంది. అసలు సంగతి తెలిసేసరికి కోట్ల రూపాయలు పోయి ఉంటాయి. ఒక్కోసారి అంతకన్నా విలువైనవే పోతాయి.

మన పిల్లలు విదేశీ కంపెనీల్లో కొలువులు చేస్తున్నారు. ఆ కంపెనీలే మన ఊళ్లకీ వచ్చి కూర్చున్నాయి. కాబట్టి ఇది పెద్ద పెద్ద మేనేజర్లకి సంబంధించిన గొడవలే అని పక్కన పెట్టే రోజులు కావివి.

నవ్వినా చిక్కే!

అమెరికాకి చెందిన వాల్‌మార్ట్ దుకాణాల సంగతి చూడండి. 1997 చివర్లో ఈ సంస్థ జర్మనీలో వెర్ట్‌కాఫ్ అనే సంస్థకున్న 21 పెద్ద దుకాణాలు కొంది. మరుసటి ఏడాది ఇంటర్‌స్పార్ దుకాణాలు మరో 74 కొంది. డబ్బుకి కొదవ లేదు. అనుభవానికీ కొదవ లేదు. అమెరికాలో బ్రహ్మాండంగా నడిచిన పద్ధతులే ఇక్కడా నడుస్తాయనుకుంది.

ఆ పద్ధతులేమిటంటే... గుమ్మం దగ్గర ఒకరు నిలబడి వచ్చినవాళ్లని పలకరించాలి. పది అడుగుల దూరంలోకి కొనుగోలుదారు ఎవరొచ్చినా సిబ్బంది నవ్వుతూ పలకరించాలి. కొన్న సామాను సంచిలో సర్దిపెట్టాలి. పొద్దున్నే అందరూ ఒకచోట చేరి కంపెనీ పేరుతో నినాదాలు చెయ్యాలి.

చదువుతుంటే ఇందులో తప్పేముంది అనిపిస్తుంది కదూ! అమెరికాలో అది మర్యాదే. జర్మనీలో మాత్రం పరిచయం లేనివాళ్లు ఊరికే నవ్వితే జనం ఇబ్బంది పడ్డారు. కొందరు మగవాళ్లయితే కౌంటర్లో కూర్చున్న అమ్మాయి తమమీద మనసుపడి నవ్వుతోందనుకున్నారట! ఆ అమ్మాయిల అవస్థ ఊహించుకోండి. ఇక తాము డబ్బిచ్చి కొన్న సామానుని పరాయివాళ్లు ముట్టుకుని సర్దడం చాలామందికి నచ్చలేదు.

మొదట్లో పై అధికారుల స్థాయిలో ఆఫీసు వ్యవహారాలన్నీ ఇంగ్లిష్‌లోనే జరగాలన్నారు. దాంతో ఇంగ్లిష్ అంతగా రాని, అక్కడి వ్యాపారం ఆనుపానులు తెలిసిన జర్మన్ మేనేజర్ల నోరు మూతపడింది. ఎవరు హెచ్చరించగలరో వాళ్లనే మాట్లాడకుండా చేస్తే ఇంకెవరు చెబుతారు?

2005లో సిబ్బందికి ఒక ప్రవర్తనా నియమావళి వచ్చింది. తోటి ఉద్యోగులతో ప్రేమ వ్యవహారాలకి హద్దులు పెట్టింది. ఎవరైనా తప్పుచేస్తే ఫోన్ చేసి చెప్పమంది. జర్మనీలో ఉద్యోగుల మండలి అని ఒకటుంటుంది. పనిచేసేచోట నడవడికకి సంబంధించిన నియమాలు పెట్టేముందు ఆ మండలిని కలుపుకుపోవాలని చట్టమే ఉంది. ఆ పని చెయ్యలేదని మండలి కోర్టుకెక్కింది. వుప్పర్టాల్ కార్మిక న్యాయస్థానం ఆ నియమాల్లో కొన్ని చెల్లవంది. ప్రేమల మీద ఆంక్ష మనిషి గౌరవానికి విరుద్ధమని అదే ఏడాది డ్యుసెల్‌డార్ఫ్‌లోని పై కోర్టు చెప్పింది.

2006లో వాల్‌మార్ట్ తన 85 దుకాణాలనీ మెట్రో అనే జర్మన్ సంస్థకి అమ్మేసి వెళ్లిపోయింది. ఆ నిష్క్రమణ ఖాతాలో సుమారు వంద కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. పద్ధతుల తేడా ఒక్కటే కారణమంటే న్యాయం కాదు. ఆల్డి, లీడ్ల్ లాంటి చవక దుకాణాల పోటీ అక్కడ గట్టిగా ఉంది. దుకాణాలు తెరిచే వేళల మీద కట్టుబాట్లూ ఉన్నాయి. కానీ ఆ పోటీలో నిలబడాలంటే అక్కడి సిబ్బంది, కొనుగోలుదారులు మనవైపు ఉండాలి కదా! ఆ బలాన్నే కంపెనీ చేజేతులా పోగొట్టుకుంది.

పెద్దాయన ముందు నోరెలా విప్పను?

అందరూ ఒకేలా ఎందుకు మాట్లాడరు? గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే డచ్ పరిశోధకుడు దీనిమీదే ఏళ్ల తరబడి పనిచేశాడు. రకరకాల దేశాల్లోని ఐబీఎం ఉద్యోగులు నింపిన లక్షకి పైగా ప్రశ్నపత్రాలు పరిశీలించి 1980లో పుస్తకం వేశాడు. పైవాడికీ కిందివాడికీ మధ్య ఎంత ఎడం ఉండొచ్చని జనం అనుకుంటారో దానికి మార్కులు వేశాడు. మనదేశానికి 77 వచ్చాయి. జపాన్‌కి 54, అమెరికాకి 40, జర్మనీకి 35.

మార్కులు ఎక్కువైతే గొప్పా కాదు, తక్కువైతే తప్పూ కాదు. ప్రతి మనిషీ ఆ లెక్కలోకి సరిగ్గా ఒదుగుతారనీ కాదు. కానీ ఒక విషయం అర్థమవుతుంది. జర్మన్ ఉద్యోగి 'ఇది కుదరదు' అని అధికారి ముఖానే చెబితే అది తన పనిలో భాగం. మనవాళ్లు అలా చెప్పడం పెద్దలకి ఎదురు చెప్పడం కిందే లెక్క. అందుకే మనకి 'కాదు' అనడానికి వంద దారులున్నాయి. 'చూద్దామండీ', 'ప్రయత్నిస్తాం', 'కొంచెం కష్టమే కానీ...' ఇవన్నీ మనకి అర్థమవుతాయి. పైదేశంవాళ్లకి 'సరే' అన్నట్టే వినిపిస్తాయి!

ఉద్యోగాల్లో చేరబోయే అమ్మాయిలకి నేను మాటతీరు మీద తరగతులు చెబుతుంటాను. ప్రతిసారీ ఒక ప్రశ్న వేస్తాను. 'ఈ పని బుధవారానికల్లా కావాలని అధికారి అడిగాడు. అవదని మీకు తెలుసు. ఏం చెబుతారు?' ఎక్కువమంది 'ట్రై చేస్తాను సార్ అంటాను' అంటారు. ఒకమ్మాయయితే 'నవ్వేసి ఊరుకుంటాను మేడమ్' అంది. క్లాసంతా ఘొల్లుమంది. కానీ గురువారం నాడు మాట పడేది ఆ అమ్మాయే!

ఒకే బట్టలు, ఒకే క్యాంటీన్

బయటి పద్ధతులు అసలు నాటుకోవా అంటే... ఎందుకు నాటుకోవు? మారుతి కార్ల కథే ఉంది. 1981లో మొదలైన ప్రభుత్వ సంస్థ మారుతి ఉద్యోగ్. 1982 అక్టోబరులో జపాన్‌లోని సుజుకీతో ఒప్పందం చేసుకుంది. 1983 డిసెంబరులో గుర్గావ్ నుంచి మొదటి కారు రోడ్డెక్కింది.

ఆ రోజుల్లో మన ఫ్యాక్టరీల్లో అధికారికి వేరే గది, వేరే భోజనశాల మామూలే. అలాంటిచోట మేనేజింగ్ డైరెక్టర్ దగ్గర్నుంచి కార్మికుడి దాకా ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీన్ అన్నారు. అధికారులకి గదుల్లేవు, అందరూ ఒకే హాల్లో కూర్చోవాలి. కులం, హోదా, అంతస్తు అన్నీ పాటించే దేశంలో ఇది చిన్న మార్పా? అయినా నిలబడింది. ఎందుకంటే పై మెట్టు మీదున్నవాళ్లే ముందు ఆ బట్టలు వేసుకున్నారు. ఆ క్యాంటీన్లోనే తిన్నారు. కార్మికులని జపాన్ పంపించి అక్కడ పని ఎలా జరుగుతుందో కళ్లారా చూపించారు. 'చెయ్యి' అనడం వేరు, 'నేను చేస్తున్నాను, నువ్వూ రా' అనడం వేరు.

ఈ కథలో చేదు అధ్యాయమూ ఉంది. అదే కంపెనీ మానేసర్ ఫ్యాక్టరీలో 2011లో సమ్మెలు జరిగాయి. మా యూనియన్ మాకు కావాలన్నారు కార్మికులు. టీకి ఇచ్చే విరామం మరీ కొద్ది నిమిషాలేనన్నారు. కాంట్రాక్టు కార్మికులకి తక్కువ జీతాలెందుకని అడిగారు. 2012 జులై 18న హింస చెలరేగి కంపెనీ మానవ వనరుల అధికారి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఆ హింసని ఏ కారణమూ సమర్థించలేదు. కానీ ఒక్కటి ఆలోచించండి. యూనిఫాం అక్కడా అందరికీ ఒకటే! బట్టలు కలిసినంత మాత్రాన మనసులు కలవవు. చెప్పుకోడానికి దారీ, వినడానికి చెవీ లేకపోతే ఎంత మంచి పద్ధతైనా పైపూతే అవుతుంది.

వేళ్ల చుట్టూ మట్టి

జపాన్‌వాళ్ల భాషలో 'నెమవాషి' అని ఒక మాటుంది. పెద్ద చెట్టుని ఒకచోటి నుంచి మరోచోటికి మార్చాలంటే ఒక్కసారిగా పెకలించరు. ముందుగా వేళ్ల చుట్టూ మట్టి తవ్వి, చెట్టుని ఆ మార్పుకి సిద్ధం చేస్తారు. అలాగే ఆఫీసులో ఏదైనా మార్పు తేవాలంటే అందరి ముందూ ప్రకటించేయరు. సంబంధం ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరికీ విడిగా వెళ్లి మాట్లాడతారు. అభ్యంతరాలు వింటారు. సమావేశం జరిగేనాటికి పని సగం అయిపోయి ఉంటుంది. ఇది తెలియని విదేశీయులు సమావేశంలో జపాన్‌వాళ్లు 'హై, హై' అంటుంటే మురిసిపోతారు. 'హై' అంటే 'ఔను' అనే అర్థముంది. కానీ చాలాసార్లు 'వింటున్నాను, చెప్పండి' అనడమే అది. మనం 'ఊఁ' కొట్టడం లాంటిదన్నమాట!

ఈ తవ్వకం మన దగ్గరా ఎంత అవసరమో ఒక ముచ్చట చెబుతాను. తిరుపతి జిల్లా శ్రీసిటీలో జపాన్, తైవాన్ తదితర దేశాల కంపెనీలున్నాయి. 2015లో అక్కడ మొదలైన ఫాక్స్‌కాన్ వారి సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీలో పనికి చేరినవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీలో 2019లో ఉత్పత్తి మొదలయ్యాక అనంతపురం వైపు కొరియా కుటుంబాలూ, కొరియా హోటళ్లూ కనిపించసాగాయి. ఇలా విదేశీ యాజమాన్యం కింద నడిచే ఒకానొక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేసిన నా స్నేహితురాలు చెప్పిన సంగతి ఇది.

అక్కడ అమ్మాయిలు అంతకుముందు కూర్చుని పనిచేసేవారు. నిలబడి చేస్తే పని చురుగ్గా సాగుతుందని కొత్త పద్ధతి పెట్టారు. మేనేజర్ మంచివాడే. అందరినీ పిలిచి, దుబాసీ ద్వారా 'ఎవరికైనా ఇబ్బంది ఉందా?' అని అడిగాడు కూడా. ఒక్కరూ మాట్లాడలేదు. మూడు వారాలయ్యేసరికి సెలవులు పెరిగిపోయాయి. 'వీళ్లకి శ్రద్ధ లేదు' అన్నది పైవాళ్ల తీర్పు. మా స్నేహితురాలు భోజనాల వేళ ఒక్కొక్కరి పక్కనా కూర్చుని కదిపింది. పిక్కలు లాగేస్తున్నాయంది ఒకమ్మాయి. నెలసరి రోజుల్లో ఎనిమిది గంటలు నిలబడలేకపోతున్నానంది ఇంకొకామె. మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదంటే 'అంతమంది మగవాళ్ల ముందు ఎలా చెప్పనక్కా?' అంది. లైన్ పక్కన నాలుగు స్టూళ్లు వేసి వంతులవారీగా కూర్చోనిచ్చారు. సెలవులు తగ్గాయి. నెమవాషి అన్న మాట ఆమె ఎప్పుడూ వినలేదు. చేసింది మాత్రం అదే!

మనమేం చెయ్యొచ్చు?

మీరు ఉద్యోగి అయితే 'ట్రై చేస్తాను' అన్న మాట కట్టిపెట్టండి. దాని బదులు లెక్క చెప్పండి. 'బుధవారానికి సగమే అవుతుంది, మొత్తం కావాలంటే శనివారం దాకా పడుతుంది' అనండి. ఇందులో ఎదురు మాటా లేదు, అబద్ధమూ లేదు. చెప్పింది అర్థమైందో లేదో అనుమానం ఉంటే 'నాకు అర్థమైంది ఇదీ, సరేనా?' అని తిరిగి అడగండి. ఫోన్లో మాట్లాడుకున్న విషయాన్ని రెండు ముక్కల్లో రాసి పంపితే తర్వాత పేచీ ఉండదు. ఎదుటివాళ్లు ముక్కుసూటిగా మాట్లాడితే కోపమొచ్చిందనుకుని కుంగిపోకండి. వాళ్ల ఊళ్లో మాటతీరే అంత కావచ్చు.

మీరు నలుగురితో పనిచేయించే స్థానంలో ఉంటే... బ్యూటీపార్లర్ కావచ్చు, పచ్చళ్ల వ్యాపారం కావచ్చు... కొత్త పద్ధతి పెట్టేముందు కారణం చెప్పండి. ముందు మీరు చేసి చూపించండి. 'ఇబ్బంది ఉందా?' అని అడక్కండి. దానికి 'లేదండీ' అనే జవాబే వస్తుంది. 'ఇందులో అన్నిటికన్నా కష్టంగా ఉన్నది ఏది?' అని అడగండి. అప్పుడు చెబుతారు. అదీ అందరిలో కాదు, విడిగా. ఎవరైనా ధైర్యం చేసి కుదరదన్నారనుకోండి, ఆ రోజు మీ ముఖంలోకి చిరాకు రానివ్వకండి. మిగతావాళ్లంతా ఆ ముఖాన్నే చూస్తుంటారు. రేపు నోరు విప్పాలా వద్దా అన్నది అక్కడే తేల్చుకుంటారు.